మొదటి కాన్పు ఆపరేషనైతే రెండో కాన్పు ఎక్కడ?

తొగుట మండలంలోని దంపతులారా!

ఈ చిన్న పుస్తకం మీ ఇద్దరి కోసం. భార్య ఒక్కతే చదివి పెట్టెలో దాచుకునేది కాదు. భర్త ఒక్కడే చదివి జేబులో పెట్టుకునేదీ కాదు. రాత్రి అన్నాలు తిన్నాక ఇద్దరూ కూర్చుని చదవండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకూ వినిపించండి. కాన్పు ఎక్కడ అనే మాట మన ఇళ్లలో ఇద్దరే తేల్చుకునేది కాదు కదా! అత్తమ్మ, తల్లి, ఆడబిడ్డ తలా ఒక మాట అంటారు. అందరూ విషయం తెలుసుకొని మాట్లాడితే మంచిది.

మొదటి కాన్పు కడుపు కోసి చేసిన తల్లులు మన దగ్గర కొద్దిమంది కారు. 2019–21 సంవత్సరాల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద ప్రతి 100 కాన్పుల్లో ఆపరేషను కాన్పులు 21 లేక 22. మన తెలంగాణలో అవి 60కి పైనే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81కి పైన. అంటే మీ వాడలో చిన్నపిల్లల తల్లులు పది మంది ఉంటే, వాళ్లలో ఐదారుగురి కడుపు మీద కుట్టు ఉండవచ్చు. వాళ్లందరికీ రెండోసారి నెల తప్పినప్పుడు ఒకటే ప్రశ్న వస్తుంది: "ఇప్పుడెట్లా?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

ఒక ఇంటి ముచ్చట

ఈ ముచ్చట కల్పించి రాసినది. కాని ఇందులోని మాటలు చాలా ఇళ్లలో నడిచేవే.

నర్సమ్మ ఇంటింటికీ తిరుగుతూ ఒక ఇంటికి వచ్చింది. కోడలికి ఏడో నెల. మూడేళ్ల పెద్దపిల్ల వాకిట్లో ఆడుకుంటున్నది.

అత్త: రా బిడ్డా, కూసో. మంచిగైంది వచ్చినవు. ఈసారి కోడల్ని దవాఖానకు తోలేది లేదనుకుంటున్నం.

నర్సమ్మ: ఎందుకమ్మా?

అత్త: ఎందుకంటే ఏం చెప్పాలె! మొదటిసారి పోంగనే కోసిండ్రు. నెల రోజులు మంచం మీదికెళ్లి లేవలేకపాయె. నేను నలుగుర్ని గన్న. నలుగురూ ఈ ఇంట్లనే. నాకు కోత లేదు, కుట్టు లేదు.

భర్త: ప్రైవేటుల పైసలు కూడ బాగనే అయినయి సిస్టర్. ఆ అప్పు మొన్ననే తీరింది.

నర్సమ్మ: (కోడలితో) నీ మనసుల ఏమున్నదో నువ్వు చెప్పమ్మా.

కోడలు: నాకు కోత అంటేనే భయం సిస్టర్. ఒక్కసారి కోస్తే మళ్ల కోసుడే అంటున్నరు. ఇంట్ల ఉంటే ఎవ్వరు కొయ్యరు గదా అని...

నర్సమ్మ కోప్పడలేదు. "నీ భయం ఉత్తది కాదు. కోత పడ్డ నొప్పి పడ్డవాళ్లకే తెలుస్తది. కోత లేకుండ కనాలె అనుకునుడు తప్పు కాదు. కాని ఇంట్ల కనుడు వేరు, కోత లేకుండ కనుడు వేరు. ఈ రెండు మాటలు కలిసిపోయినయి. విడదీసి చూద్దాం. ముందుగాల ఒక్క మాట చెప్పుండ్రి, మొదటి ఆపరేషను కాగితం ఏది?" అని అడిగింది.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాగితం ఇంట్లో లేదు. అది కోడలి తల్లిగారింట్లో ఉండిపోయింది.

నర్సమ్మ మొట్టమొదట కాగితమే ఎందుకు అడిగిందో ఇప్పుడు తెలుసుకుందాం.

కోత రెండు చోట్ల ఉంటుంది

ఆపరేషను కాన్పులో రెండు కోతలు ఉంటాయి. ఒకటి పైన చర్మం మీద. అది మనకు కనిపిస్తుంది. రెండోది లోపల గర్భసంచి మీద. అది కనిపించదు. మళ్లీ కాన్పుకు లెక్కలోకి వచ్చేది ఈ లోపలి కోత. పైన అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల కూడా అడ్డంగానే ఉందని చెప్పలేము. పైన నిలువుగా ఉండి లోపల అడ్డంగా ఉండవచ్చు కూడా.

లోపలి కోత సాధారణంగా గర్భసంచి కింది భాగంలో అడ్డంగా వేస్తారు. అక్కడ గోడ పలుచగా ఉంటుంది. నొప్పుల్లో ఆ భాగం పై భాగమంత గట్టిగా బిగుసుకోదు. అందుకే అక్కడి కుట్టు మీద ఒత్తిడి తక్కువ. కొన్ని అవసరాల్లో, బిడ్డ మరీ నెలలు తక్కువగా ఉన్నప్పుడో, అడ్డంగా తిరిగి ఉన్నప్పుడో, గర్భసంచి పై భాగంలో నిలువుగా కోయవలసి వస్తుంది. నొప్పుల్లో గట్టిగా బిగుసుకునేది ఆ పై భాగమే. అందువల్ల నిలువు కోత ఉన్న తల్లికి నొప్పులు మొదలు కాకముందే ఆపరేషను చేయడం క్షేమం.

ఈ తేడా ఆసుపత్రి వారు ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. ఆపరేషను ఎందుకు చేశారో కూడా అందులోనే ఉంటుంది. అందుకే ఆ కాగితం పట్టాదారు పాసుపుస్తకంతో సమానం. ఇంట్లో దాన్ని ఎక్కడ పెడతారో దీన్ని కూడా అక్కడే పెట్టండి.

మన వైపు మొదటి కాన్పు తల్లిగారింట్లో అవుతుంది కనుక కాగితాలు అక్కడే ఉండిపోతుంటాయి. ఇంకొక మాట. మల్లన్నసాగర్ కట్టినప్పుడు వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ ఊళ్లవారు గజ్వేలు దగ్గరి కాలనీకి తరలిపోయారు. ఊరు మారినప్పుడు సామాను మూటల్లో కాగితాలు పోవడం సహజం. కాగితం పోతే ఊరుకోకండి. కాన్పు చేసిన ఆసుపత్రికి పోయి, కాన్పు తేదీ చెప్పి, నకలు అడగండి. ఈ పని తొమ్మిదో నెలలో కాదు, మూడో నెలలోనే చేయండి.

ఇల్లు ఎందుకు వద్దంటున్నాము?

అత్తమ్మ నలుగురిని ఇంట్లోనే కన్నది. అది నిజమే. కాని ఆమె గర్భసంచి మీద కుట్టు లేదు. కోడలి గర్భసంచి మీద ఉన్నది. ఇద్దరి సంగతి ఒకటి కాదు. కొత్త బిందె, మాటు వేసిన బిందె చూడటానికి ఒకటే. మాటు వేసిన బిందె కూడా చాలాకాలం నీళ్లు మోస్తుంది. కాని నిండుగా ఎత్తేటప్పుడు చెయ్యి కింద పెట్టి ఎత్తుతాము. ఇదీ అంతే.

నొప్పుల సమయంలో ఆ పాత కుట్టు చీలే ప్రమాదం ఉన్నది. అది ఎంత? కింది భాగంలో ఒక్క అడ్డకోత ఉండి, నొప్పులు వాటంతట అవే వచ్చిన తల్లులు 1,000 మంది ఉంటే, సుమారు 5 మందికి అట్లా జరుగుతుంది. మిగిలిన 995 మందికి జరగదు. "ఐదుగురే కదా!" అనిపిస్తుంది. కాని ఆ ఐదుగురు ఎవరో ముందుగా చెప్పగలిగిన డాక్టరు లేడు, చెప్పగలిగిన మంత్రసానీ లేదు.

కుట్టు చీలితే లోపలే రక్తం పోతుంది. బిడ్డకు గాలి, రక్తం అందవు. అప్పుడు లెక్క గంటల్లో కాదు, నిమిషాల్లో. వెంటనే కడుపు తెరచి బిడ్డను తీయాలి, చీలిక కుట్టాలి, తల్లికి రక్తం ఎక్కించాలి. ఆసుపత్రిలోనే ఉంటే ఇదంతా వెంటనే జరిగిపోతుంది. చాలామంది తల్లులు, బిడ్డలు బ్రతికి బయటపడతారు. అదే ఇంట్లో అయితే? ముందు ఏదో తేడాగా ఉందని గుర్తించాలి. బండికి ఫోను చేయాలి. బండి రావాలి. తల్లిని ఎక్కించాలి. సిద్దిపేట చేరాలి. అక్కడ మత్తు డాక్టరును పిలవాలి, రక్తం గుంపు చూడాలి. ఎంత తొందరపడినా గంట దాటవచ్చు. రాత్రిపూట, వాన పడి కూడవెల్లి వాగు పారుతున్నప్పుడు ఇంకా ఆలస్యం. బిడ్డకు అంత వ్యవధి ఉండదు.

ఇంకొక సంగతి కూడా గమనించండి. చీలికకు ముందుగా కనిపించే గుర్తు చాలాసార్లు బిడ్డ గుండె చప్పుడులో తేడా. దాన్ని నొప్పులు మొదలైన దగ్గర నుండి విడవకుండా వింటూ ఉండాలి. చేతి స్పర్శతో అది తెలియదు. మంత్రసాని ఎంత అనుభవం గలదైనా ఇది ఆమె తప్పు కాదు. ఆమె దగ్గర ఆ సాధనం లేదు.

"మరి తొగుట ఆరోగ్య కేంద్రంలో?" అని అడగవచ్చు. మామూలు కాన్పుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మంచిదే. కాని పాత కోత ఉన్న తల్లికి ఆపరేషను గది, మత్తు డాక్టరు, రక్తం ఒకేచోట ఉన్న ఆసుపత్రి కావాలి. ఇది పరాయి దేశాల్లో కూడా తేలిన సంగతి. అమెరికాలో 1990 నుండి 2000 వరకు, ఆపరేషను గది లేని కాన్పు కేంద్రాలకు నొప్పులతో వచ్చిన పాత కోత తల్లులు 1,453 మంది వివరాలను 2004లో ప్రచురించారు. వాళ్లలో 100కు 87 మందికి మామూలు కాన్పే అయింది. అయినా 6 మందికి గర్భసంచి చీలింది, 7 మంది బిడ్డలు దక్కలేదు. అవి బాగా చదువుకున్న మిడ్‌వైఫ్‌లు నడిపే కేంద్రాలు. పాత కోత ఉన్న తల్లులను ఆసుపత్రికే పంపాలని ఆ పరిశీలన చేసినవారే చెప్పారు. అట్లాంటి కేంద్రాలే వద్దన్నప్పుడు ఇల్లు ఎట్లా తగును?

అయితే మళ్లీ కోతేనా?

కాదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఒకసారి కోస్తే మళ్లీ కోతే అనే మాట చాలా పాతది. 1916లో న్యూయార్కులో ఎడ్విన్ క్రాగిన్ అనే డాక్టరు ఆ మాట అన్నాడు. అనవసరంగా మొదటి కోతే వేయవద్దని హెచ్చరించడానికి అన్నాడు. ఆ రోజుల్లో గర్భసంచిని పై భాగంలో నిలువుగా కోసేవారు. 1920ల తరువాత గ్లాస్గో డాక్టరు మన్రో కెర్ వంటివారి కృషి వల్ల కింది అడ్డకోత వాడుకలోకి వచ్చింది. 1980లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు, తగిన తల్లులకు మామూలు కాన్పు ప్రయత్నించవచ్చని చెప్పారు. కోత మారింది, వైద్యం మారింది. మాట మాత్రం మన వాడల్లో అట్లాగే ఉండిపోయింది.

నేటి లెక్క ఇది. తగిన తల్లులు 100 మంది ఆసుపత్రిలో మామూలు కాన్పుకు ప్రయత్నిస్తే 72 నుండి 75 మందికి అది నెరవేరుతుంది. ఇంతకుముందు ఒక్కసారైనా మామూలు కాన్పు అయిన తల్లులకైతే 85 నుండి 90 మందికి. మిగిలినవారికి నొప్పుల మధ్యలో ఆపరేషను చేయవలసి వస్తుంది. ముందుగా అనుకొని చేసే ఆపరేషను కంటే నొప్పుల మధ్యలో చేసేది కొంచెం కష్టమే. ఇది కూడా తెలిసే నిర్ణయించుకోవాలి.

ప్రయత్నానికి అనుకూలమైనవి:
1. లోపల కింది భాగంలో అడ్డకోత ఒక్కటే ఉండటం.
2. మొదటిసారి ఆపరేషనుకు కారణమైనది ఈసారి లేకపోవడం. ఉదాహరణకు అప్పుడు బిడ్డ ఎదురుకాళ్లతో ఉండి, ఇప్పుడు తల కిందికే ఉండటం.
3. రెండు కాన్పుల మధ్య తగినంత ఎడం ఉండటం.
4. నొప్పులు వాటంతట అవే రావడం.

ప్రయత్నం వద్దనేవి:
1. గర్భసంచి పై భాగంలో నిలువు కోత ఉండటం.
2. ఇంతకుముందు ఒకసారి గర్భసంచి చీలి ఉండటం.
3. మాయ కిందికి ఉండి దారికి అడ్డం పడటం.
4. బిడ్డ అడ్డంగా తిరిగి ఉండటం.

రెండు ఆపరేషన్లు అయిన తల్లి సంగతి పెద్ద డాక్టరు చూసి చెప్పాలి. ఆపరేషనే మంచిదని తేలితే దిగులు పడవద్దు. వేరే ఇబ్బంది లేకపోతే 39 వారాలు నిండాక చేస్తారు. ముహూర్తం కోసం ముందుకు జరపమని మీరు అడగవద్దు. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడవు. తిథి బాగుండి, బిడ్డ అద్దాల పెట్టెలో ఉంటే ఏం లాభం? సిద్దిపేట శాసనసభ్యులు తన్నీరు హరీశ్‌రావు 2021 నవంబరు నుండి 2023 డిసెంబరు వరకు రాష్ట్ర ఆరోగ్య మంత్రిగా ఉన్న కాలంలో, ముహూర్తపు కోతలు మానాలని, మామూలు కాన్పులు పెరగాలని ఊరూరా చెప్పించారు.

ఆసుపత్రి అంటే భయపడేవారికి

"అక్కడ ఒక్కదాన్నే ఉండాలె, కసురుకుంటరు" అనే భయం చాలామందికి ఉన్నది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలో తల్లికి తోడుగా ఇంటి ఆడమనిషి ఒకరు ఉండవచ్చునని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. అత్తమ్మగాని, తల్లిగాని, కాన్పు అయి ఉన్న అక్కగాని తోడు ఉండవచ్చు. ఊరి మంత్రసాని మీద నమ్మకం ఉంటే ఆమెనే తోడు తీసుకుపోవచ్చు. నడుము రాయడం, ధైర్యం చెప్పడం, నడిపించడం ఆమెకు బాగా తెలిసిన పనులు. మామూలు కాన్పులు ఓపికతో చేయించే మిడ్‌వైఫరీ నర్సులకు మన రాష్ట్రంలో 2017లో కరీంనగర్‌లో శిక్షణ మొదలైంది.

"పైసలెట్లా?" అనేవారికి: 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు కాన్పైనా, ఆపరేషనైనా ఉచితం. మందులు, పరీక్షలు, రక్తం, తిండి, రానూ పోనూ బండి అన్నీ ఉచితం. మన జిల్లాలో సిద్దిపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, గజ్వేలు ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. మీ కాన్పుకు ఏది తగినదో డాక్టరుతో ముందే అనుకొని తల్లీబిడ్డల కార్డు మీద రాయించుకోండి.

నెలలు నడిచే కాలంలో చేయవలసినవి

నెల తప్పగానే ఆశా కార్యకర్తకు చెప్పి పేరు రాయించుకోండి. "నాకు ముందు కాన్పు ఆపరేషను" అని మొదటి మాటే చెప్పండి.

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా పరీక్ష చేస్తారు. ఈ ఏర్పాటు 2016లో మొదలైంది. భర్త కూడా ఒకసారి వెంట పోవాలి. ప్రశ్నలు ఇద్దరూ అడగాలి.

రక్తహీనత రానీయకండి. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కొంచెం రక్తం పోయినా ప్రమాదమే. ఇనుము మాత్రలు రోజుకొకటి చొప్పున 180 రోజులు తప్పక వేసుకోవాలి. గోంగూర, తోటకూర, పప్పు, గుడ్డు, వేరుశెనగ పల్లీలు, బెల్లం తినండి. మాత్ర వేసుకున్న వెంటనే చాయ తాగకండి. మాత్ర ఒంటికి పట్టదు.

చివరి నెలల్లో స్కానింగు తప్పనిసరి. మాయ ఎక్కడ ఉందో అందులో తెలుస్తుంది. మాయ కిందికి దిగి పాత కోత మీద అతుక్కుంటే కాన్పులో అది ఊడిరాక విపరీతంగా రక్తం పోతుంది. ఇది ఇంట్లో ఎవరూ ఆపలేని రక్తం.

నొప్పుల నాడు

నొప్పులు మొదలు కాగానే, లేదా ఉమ్మనీరు పోగానే, బయలుదేరండి. "ఇంకా టైముంది, నొప్పులు ముదరనీ" అని ఆగవద్దు. మామూలు తల్లులకు చెప్పే ఆ మాట పాత కోత ఉన్నవారికి వర్తించదు. 102 బండికి ముందే చెప్పి ఉంచండి. అపాయం కనిపిస్తే 108కి ఫోను చేయండి. బండి రాకపోతే ఎవరి ఆటో, ఎవరి కారు అని ముందే మాట్లాడి పెట్టుకోండి. రక్తం ఇవ్వగలిగిన ఇద్దరు మనుషులను ముందే అనుకోండి. పెద్దపిల్లను ఎవరు చూసుకోవాలో, గొడ్లకు మేత ఎవరు వేయాలో కూడా ఆరోజు కాదు, నెల ముందే తేల్చుకోండి. నాట్లు, కోతలు ఏడాదికి రెండు మార్లు వస్తాయి. ఈ దినం మళ్లీ రాదు.

ఇవి ఎప్పుడూ చేయకండి:
1. ఊళ్లో ఆర్ఎంపీ చేత నొప్పుల సూది వేయించవద్దు. నొప్పులు తెప్పించే మందులతో కుట్టు చీలే ప్రమాదం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. ఆ మందు వాడాలా వద్దా అన్నది ఆసుపత్రిలో పెద్ద డాక్టరే చెప్పాలి.
2. పొట్ట మీద ఒత్తనీయవద్దు, పై నుంచి నెట్టనీయవద్దు.
3. నొప్పులు రావాలని నాటు మందులు, కషాయాలు పోయవద్దు.

ఈ గుర్తులు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగవద్దు: నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పాత కుట్టు దగ్గర విడవని నొప్పి, ఉన్నట్టుండి ఏదో తెగినట్టు అనిపించడం, రక్తం పోవడం, జోరుగా వస్తున్న నొప్పులు ఒక్కసారిగా ఆగిపోవడం, మూత్రంలో రక్తం, భుజం లాగడం, కళ్లు తిరిగి ఒళ్లు చల్లబడటం, బిడ్డ కదలిక తగ్గడం. నొప్పులు ఆగితే "తగ్గింది" అని సంతోషించకండి. అది చీలికకు గుర్తు కావచ్చు.

ఎడం పాటిస్తేనే కుట్టు గట్టిపడుతుంది

రెండో కాన్పు క్షేమం మొదటి కాన్పు అయిన మర్నాడే మొదలవుతుంది. ఒక కాన్పు తరువాత కనీసం 24 నెలలు ఆగి మళ్లీ గర్భం ధరించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రెండు కాన్పుల మధ్య 18 నెలలు కూడా లేకపోతే పాత కుట్టు చీలే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఎడం కోసం పద్ధతులు ఇవి:

కాపర్ టి: ఆపరేషను చేసేటప్పుడే, లేక కాన్పు అయిన 48 గంటల్లోపు వేయించుకోవచ్చు. అప్పుడు కుదరకపోతే 6 వారాల తరువాత. పాత కోత దీనికి అడ్డు కాదు. రెండు రకాలున్నాయి, ఒకటి 5 సంవత్సరాలు, ఒకటి 10 సంవత్సరాలు పనిచేస్తుంది. పిల్లలు కావాలనుకున్నప్పుడు తీయించుకోవచ్చు.

అంతర సూది: కాన్పైన 6 వారాల తరువాత మొదలు పెట్టి 3 నెలలకొకసారి.

ఛాయ మాత్ర: మొదటి 3 నెలలు వారానికి రెండు, ఆ తరువాత వారానికొకటి. పాలిచ్చే తల్లి కూడా వాడవచ్చు. అంతర, ఛాయ రెండూ మన ప్రభుత్వ కార్యక్రమంలోకి 2017లో వచ్చాయి.

నిరోధ్: 1968 నుండి ఉన్నదే. ఇది భర్త బాధ్యత.

తల్లిపాలు: రాత్రింబవళ్లు పాలు తప్ప మరేమీ పట్టకుండా, ముట్టు రాకుండా ఉన్నంతవరకు మొదటి 6 నెలలే రక్షణ. ఆ తరువాత దీన్ని నమ్ముకోవద్దు.

తొందరగా నెల తప్పితే దుకాణంలో మాత్రలు కొని మింగవద్దు. పాత కోత ఉన్న గర్భసంచికి అవి ఇంకా ప్రమాదం. గర్భస్రావానికి 1971 నుండి చట్టం ఉన్నది. ఆసుపత్రిలో డాక్టరు దగ్గరికి పొండి.

ఇక పిల్లలు చాలు అనుకుంటే: ప్రతి కోతతో తరువాతి కాన్పు మరింత కష్టమవుతుంది. మాయ కిందికి దిగి దారిని కప్పిన తల్లుల్లో, ఒక పాత కోత ఉంటే సుమారు 100లో 11 మందికి, రెండు ఉంటే 40 మందికి ఆ మాయ గర్భసంచికి అతుక్కుపోతుంది. కనుక రెండు ఆపరేషన్లు అయినవారు ఆగడమే మేలు. రెండోసారి ఆపరేషనైతే అదే సమయంలో ట్యూబెక్టమీ చేయించుకోవచ్చు. కాని ఆ నిర్ణయం నొప్పుల మధ్యలో కాక ముందే, మనసారా చేసుకోవాలి. భర్త వేసెక్టమీ చేయించుకుంటే ఇంకా సులభం. కోత కుట్టు లేని పద్ధతిలో చేస్తారు, ఆరోజే ఇంటికి రావచ్చు. 3 నెలలు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకోవాలి. మగతనం తగ్గదు, పనిచేసే శక్తి తగ్గదు. ఆమె ఒళ్లు ఒకసారి కోత పడ్డది. ఈసారి నీ వంతు కావచ్చు కదా! ఇందులో ఎవరి బలవంతమూ లేదు. ఏ పద్ధతి అన్నది మీ ఇద్దరి ఇష్టం.

మళ్లీ ఆ ఇంటికి

పది రోజుల తరువాత నర్సమ్మ మళ్లీ వచ్చింది. భర్త బండి మీద అత్తగారి ఊరు పోయి కాగితం తెచ్చాడు.

నర్సమ్మ: (చదివి) లోపల కింద అడ్డకోతనే. బిడ్డ ఎదురుకాళ్లతోని ఉన్నదని ఆపరేషను చేసిండ్రు. ఇప్పుడు బిడ్డ తల కిందికే ఉన్నదా?

కోడలు: తొమ్మిదో తారీకు డాక్టరమ్మ చూసింది. ఇప్పటికైతే కిందికే ఉన్నదన్నది. మాయ కూడ పైనే ఉన్నదట.

నర్సమ్మ: అట్లయితే మామూలు కాన్పుకు ప్రయత్నం చెయ్యొచ్చు. అయితదని నేను రాసియ్య. కాకపోతే అక్కడనే ఆపరేషను గది ఉన్నది. రెండింటికీ మనసు గట్టి చేసుకో.

కోడలు: గిట్ల చెప్పేటోళ్లు లేకనే భయపడ్డ సిస్టర్. కోసినా, కొయ్యకున్నా, బిడ్డ నా ఒళ్లకు రావాలె. గంతే.

అత్త కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: "నలుగుర్ని కన్న అని చెప్పిన గని, ఐదో బిడ్డ ముచ్చట చెప్పలేదు బిడ్డా. తెల్లారేసరికి బండి దొరకలేదు. ఇంట్లనే పాయె. నేను మరిచిపోయినట్టే ఉంటున్న. మరిచిపోలేదు." కొంగుతో ముఖం తుడుచుకొని, "కోడలి వెంట నేనే వస్త. లోపలికి తోడు రానిస్తరన్నవు గదా!" అన్నది.

భర్త లేచి, కాగితాన్ని పాసుపుస్తకం సంచిలో పెట్టాడు. గోడ మీది క్యాలెండరులో నెలలు నిండే తేదీ చుట్టూ గీత గీసి, దాని పక్కన ఆటో నడిపే తమ్ముని ఫోను నంబరు రాశాడు.

గుర్తుంచుకోండి

● పాత కోత ఉన్న తల్లి కాన్పు ఇంట్లో వద్దు. ఆపరేషను గది, రక్తం ఉన్న ఆసుపత్రిలోనే.
● ఆసుపత్రికి పోతే కోతే అన్నది నిజం కాదు. తగిన తల్లులు నలుగురిలో సుమారు ముగ్గురికి మామూలు కాన్పే అవుతుంది.
● ఆపరేషను కాగితం పోగొట్టవద్దు.
● నొప్పుల సూది, పొట్ట ఒత్తడం ప్రాణానికే ముప్పు.
● నొప్పులు మొదలు కాగానే బయలుదేరండి.
● కాన్పు తరువాత రెండేళ్లు ఆగి మళ్లీ గర్భం. పద్ధతి ఏదైనా ఇద్దరూ కలిసి ఎంచుకోండి.

2019–21 సర్వే నాటికి మన రాష్ట్రంలో 100కు 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయి. 2018–20 లెక్కల ప్రకారం దేశంలో లక్ష కాన్పులకు 97 మంది తల్లులు చనిపోతే, తెలంగాణలో 43 మంది. ఆ 43 కూడా తగ్గాలి. చనిపోయిన ప్రతి తల్లీ ఒక ఇంటి కోడలే, ఒక ఇంటి బిడ్డే.

చదివారు కదా! ఈ పుస్తకాన్ని పారవేయకండి. మీ వాడలో కడుపు మీద కుట్టు ఉన్న మరొక తల్లికి ఇవ్వండి. చదువు రాకపోతే చదివి వినిపించండి. సందేహముంటే మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, నర్సమ్మను గాని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి.